వెలగ గుజ్జు పాకానికొచ్చే దాకా

తెలుగువాళ్ళకు వెలక్కాయతో పని ఏడాదికి ఒక్కరోజే. వినాయక చవితి ముందురోజు పత్రితో పాటు కొంటాం, పాలవెల్లికి కడతాం. పూజయ్యాక కొన్ని ఇళ్ళలో పెరుగు పచ్చడవుతుంది, చాలా ఇళ్ళలో పత్రితో పాటే నీళ్ళలో కలిసిపోతుంది. ఆ తర్వాత దాని మాట వినపడేది ఎవరికైనా గొంతులో పడ్డప్పుడే. చవితినాటి ఆ కాయ పచ్చిది. అసలు పండు వచ్చేది తర్వాత, చలి ముదిరిన దగ్గర్నుంచి శివరాత్రి దాటేదాకా. అప్పటికి దాన్ని అడిగేవాళ్ళుండరు. పొలం గట్ల మీదా, అడవి అంచుల్లో, ఊరి గుడి వెనకా రాలి, పగిలి, చీమల పాలవుతుంది.

ఊళ్ళో దొరికే ముడిసరుకుతో సొంతంగా ఏదైనా తయారు చేసి అమ్మాలనుకునేవాళ్ళు సాధారణంగా మామిడి దగ్గరే ఆగిపోతారు. మామిడి తాండ్ర అంటే కోనసీమలో ఆత్రేయపురం, విజయనగరం వైపు భీమాళి ఉండనే ఉన్నాయి. తరాలుగా చేయి తిరిగినవాళ్ళు చేస్తున్న పని అది. వాళ్ళతో పోటీకి దిగడం కన్నా, ఎవరూ పట్టించుకోని పండును పట్టుకోవడం తెలివైన పని. అలాగని పట్టించుకోని పండ్లన్నీ పనికొస్తాయని కాదు. దేన్ని ఎంచుకోవాలి, ఎంచుకున్నాక దాన్ని అమ్మదగ్గ సరుకుగా ఎలా మలచాలి అన్నది వెలగపండును ముందు పెట్టుకుని చూద్దాం. చేయబోయేది కత్తితో బిళ్ళలుగా కోసుకునే గట్టి తీపి ముద్ద. సౌకర్యానికి దాన్ని వెలగ బిళ్ళ అందాం.

వెలగపండు మీద మనవాళ్ళ ఫిర్యాదులు ఒకసారి వరసపెట్టండి. పులుపు. వగరు. గుజ్జు పళ్ళకూ వేళ్ళకూ జిగురులా పట్టుకుంటుంది. నిండా గింజలు. వాసన ఘాటు, కొంచెం పులిసినట్టు కూడా ఉంటుంది. చేతిలో పట్టుకుని తినే పండుకు ఇవన్నీ లోపాలే. పొయ్యి మీద పెట్టే పండుకు వీటిలో గింజలు, వగరు తప్ప మిగతావన్నీ బలాలు. పులుపు అంటే ఆమ్లం, జిగురు అంటే చాలావరకు పెక్టిన్. ముద్ద గడ్డకట్టడానికి కావలసినవి ఈ రెండూ, పైన చక్కెర. ఘాటైన వాసన కనకే గంటసేపు ఉడికించినా పూర్తిగా పోదు. సున్నితమైన పరిమళం ఉన్న పండ్లలో అది ఆ వేడికి ఆవిరైపోతుంది. తినడానికి తేలికైన పండును జనం తినేస్తారు, మిగలదు. తినడానికి మొరాయించే పండే గిన్నెకెక్కి రుచిగా మారుతుంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సూత్రమేమీ కాదు. ఐరోపాలో క్విన్స్ అనే పండుంది. పచ్చిగా కొరికితే రాయిలా గట్టి, భరించలేని వగరు. స్పెయిన్‌లో దాన్నే చక్కెరతో ఉడికించి మెంబ్రిల్లో అనే ఎర్రటి ముద్ద చేస్తారు, జున్నుముక్క పక్కన పెట్టుకు తింటారు. పోర్చుగీసువాళ్ళు ఆ పద్ధతిని వెంట తీసుకెళ్ళారు. బ్రెజిల్‌లో క్విన్స్ బదులు జామ దొరికింది, గోయబాడా పుట్టింది. గోవాలో క్రిస్మస్‌కు చేసే జామ పెరాడ కూడా ఆ ఇంటిదే. ఇక వెలగపండు సంగతి చూస్తే, శ్రీలంకవాళ్ళు దాన్ని దివుల్ అంటారు, దాని జామ్ సీసాలు అక్కడ దుకాణాల్లో మామూలు సరుకు. మన ఇళ్ళలోనూ రేగి వడియాలున్నాయి, తాటి తాండ్ర ఉంది. పద్ధతి ఉంది, పండు ఉంది. రెండింటినీ కలపడమే మిగిలింది.

వృక్షశాస్త్రం లెక్కలో వెలగ పేరు లిమోనియా అసిడిస్సిమా. నిమ్మ, నారింజల కుటుంబమే, మారేడుకు దగ్గర చుట్టం. గుజ్జులో పెక్టిన్ 3 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. అంటే పెక్టిన్ పొడి కొనకుండానే గడ్డకట్టే పండు. ఇంత అనుకూలమైన పండును గట్టు మీద వదిలేయడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

పండును పట్టడం

పెంకు గట్టిది కాబట్టి వెలగ పండిందో లేదో నొక్కితే తెలియదు. అడుగు ఎత్తు నుంచి గచ్చు మీదికి వదలండి. పచ్చికాయ బంతిలా ఎగురుతుంది. పక్వానికొచ్చింది ఎగరకుండా దబ్బుమని పడి ఉండిపోతుంది. అలా పడినవాటిని ఓ రెండు వారాలు ఎండ తగిలేచోట ఉంచితే లోపల గుజ్జు పూర్తిగా గోధుమరంగుకు తిరిగి, మూతి దగ్గర వాసన గుప్పుమంటుంది.

ఇక్కడ చాలామంది బాగా మిగలపండినవే ఏరుకుంటారు, తియ్యగా ఉంటాయని. తీపి మనం ఎలాగూ వేస్తాం. పండు అతిగా పండేకొద్దీ పెక్టిన్ విరిగిపోతుంది, పులుపూ తగ్గుతుంది. మూడొంతులు బాగా పండినవి, ఒక వంతు అప్పుడే తిరుగుతున్నవి కలపండి. మొదటివి వాసననిస్తాయి, రెండోవి గట్టిదనాన్నిస్తాయి.

పగలగొట్టేటప్పుడు ప్రతి పండునూ విడిగా చిన్న గిన్నెలోకి తీసి, చూసి, వాసన పీల్చి, అప్పుడే పెద్ద గిన్నెలో కలపాలి. సన్నటి పగులున్న పండులో పైకి కనపడకుండా బూజు పట్టి ఉంటుంది. అలాంటిది ఒక్కటి కలిసినా మొత్తం గుజ్జు పారబోయాల్సిందే. బూజు పట్టినంత మేర గీకేసి మిగతాది వాడదామన్న పొదుపు వద్దు.

గుజ్జులో సగం బరువు గోరువెచ్చని నీళ్ళు పోసి, చేత్తో పిసికి, సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు వేడిచేస్తే పెక్టిన్ నీళ్ళలోకి దిగుతుంది. తర్వాత స్టీలు జల్లెడలో గరిటెతో రుద్ది దించాలి. మిక్సీ జోలికి వెళ్ళకండి. గింజలు నలిగాయంటే గుజ్జంతా గరుకు, ఆ గరుకును తర్వాత ఏ జల్లెడా తీయలేదు. ఇనప మూకుడు కూడా వద్దు. పండులోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి గుజ్జును నల్లగా చేస్తాయి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకు పనికిరావు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె చాలు.

పెక్టిన్ ఎంతుందో చూసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. వడగట్టిన రసం చల్లార్చి ఒక చెంచా గాజుగ్లాసులో పోసి, రెండు చెంచాల స్పిరిట్ కలిపి, కొన్ని నిమిషాలు వదిలేయండి. ఒకే గట్టి గడ్డగా కడితే పెక్టిన్ పుష్కలం. రెండు మూడు ముక్కలైతే మధ్యస్థం. రవ్వరవ్వగా విడిపోతే, పచ్చివాలు పండ్ల పాలు పెంచాలి. ఆ గ్లాసులోది రుచి చూడకూడదు, పారబోయాలి.

లెక్కతో పాకం

మన వంటింట్లో పాకం కంటి లెక్క. తీగ పాకం, ఉండ పాకం అంటూ వేళ్ళ మధ్య సాగదీసి చెబుతారు. చక్కెర పాకానికి అది సరిపోతుంది, పండు గుజ్జు కలిసినదానికి మాత్రం నమ్మకమైన కొలత కాదు. గుజ్జు చిక్కదనమే పాకంలా కనిపించి మోసం చేస్తుంది. పైగా ఈరోజు చేసినట్టే వచ్చే నెలా చేయగలగాలంటే అంకె కావాలి. ఒకసారి బాగా కుదిరిన వంట ఇంటికి గొప్ప. కొనేవాడికి ప్రతిసారీ ఒకేలా కుదిరే వంట కావాలి.

మొదటి ప్రయత్నానికి ఒక కొలత ఇస్తాను. వడగట్టిన గుజ్జు ఒక కిలో, చక్కెర 500 గ్రాములు, బెల్లం 250 గ్రాములు. ముందు గుజ్జును ఒక్కదాన్నే, తీపి కలపకుండా, మూడింట ఒక వంతు తగ్గేదాకా ఉడికించండి. ఆ తర్వాతే చక్కెర, కరిగించి వడగట్టిన బెల్లం వేసి, సెగ పెంచి త్వరగా ముగించండి. తీపి మొదటే వేసి గంటలకొద్దీ కాచితే చక్కెర మాడి రంగు ముదురుతుంది, పులుపుతో కలిసి మరిగి మరిగి పెక్టిన్ విరిగిపోతుంది, చివరికి ముద్ద బదులు బంక మిగులుతుంది. చిక్కబడ్డాక గుజ్జు పైకి చిమ్ముతుంది. ఆ చుక్క పడితే నూనె చుక్క కన్నా ఘోరంగా కాలుతుంది, అంటుకుని ఊడదు కనక. పొడుగు పిడి తెడ్డు, మోచేతి దాకా గుడ్డ తప్పనిసరి.

దించేది ఎప్పుడు? దీనికి థర్మామీటరు కన్నా తూకం నమ్మకమైనదని నా అభిప్రాయం. గుజ్జులో కరిగిన ఘనపదార్థం ఎంతో రిఫ్రాక్టోమీటరు చెబుతుంది, ఆ అంకెనే బ్రిక్స్ అంటారు. ఉదాహరణకు మీ గుజ్జు 12 బ్రిక్స్ ఉందనుకోండి. కిలోలో 120 గ్రాములు. దానికి మనం వేసిన తీపి 750 గ్రాములు కలిపితే 870. కత్తికి తెగే ముద్ద కావాలంటే మొత్తంలో ఘనపదార్థం 75 శాతం దగ్గర ఉండాలి. 870ని 0.75తో భాగిస్తే 1,160. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకుని, మధ్యమధ్య గిన్నెను తక్కెడ మీద పెట్టి, లోపలి సరుకు 1,160 గ్రాములకు రాగానే దించేయండి. బెల్లంలో కాస్త తేమ ఉంటుంది, అయినా లెక్క పెద్దగా తప్పదు. రొట్టె మీద రాసుకునే జామ్ కావాలంటే 65 శాతం చాలు, అంటే 1,338 గ్రాముల దగ్గరే ఆపాలి. మన ఆహార ప్రమాణాల ప్రకారం జామ్ అని పేరు పెట్టుకునేదానికి ఆ 65 శాతమే కనీసం. మామూలు పండ్లకైతే పండు భాగం 45 శాతానికి తగ్గకూడదు. పై కొలతలో కలిపిన నీళ్ళు తీసేస్తే పండు 667 గ్రాములు, కాబట్టి రెండు రకాలకూ ఆ హద్దు దాటినట్టే.

థర్మామీటరే వాడతానంటే ముందు మీ ఊళ్ళో నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో చూసుకోండి. పుస్తకాల్లో రాసే 105 డిగ్రీలు సముద్రమట్టం లెక్క. మచిలీపట్నంలో అది సరే. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీళ్ళు 98 డిగ్రీల పైచిలుకుకే మరుగుతాయి. మీ నీటి మరుగు అంకెకు జామ్‌కైతే 5, బిళ్ళకైతే 7 డిగ్రీలు కలుపుకోండి.

బెల్లం గురించి కొంచెం ఆగి చెప్పాలి. వెలగపండు, బెల్లం మనకు పాత జోడీ, రుచిలో చక్కెర దాని దరిదాపుల్లోకి రాదు. కానీ బెల్లంలో ఖనిజ లవణాలుంటాయి, చెరకు రసం కాచేటప్పుడు వేసిన సున్నం శేషం ఉంటుంది. అవి పండు పులుపును కొంత మింగేస్తాయి. పులుపు తగ్గితే పెక్టిన్ సరిగా గడ్డకట్టదు. పూర్తిగా బెల్లంతో చేసిన ముద్ద చాలాసార్లు మెత్తగా, సాగుతూ ఉండిపోవడానికి కారణం అదే. మరోవైపు బెల్లంలో సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజుల వల్ల నిలవలో ముద్ద పంచదార కట్టదు. అందుకే రెండూ కలపమన్నది. పులుపును కొలిచే పిహెచ్ అంకె (పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) 3.0 నుంచి 3.3 మధ్య ఉంటే మంచి పట్టు వస్తుంది. రంగు ముదురు కాబట్టి కాగితపు పట్టీల మీద తేడా పోల్చుకోవడం కష్టం, డిజిటల్ పెన్ను కొనండి. ఎక్కువుంటే నిమ్మరసం, తక్కువుంటే ఇంకాస్త బెల్లం. మార్కెట్లో తళతళలాడే పసుపు బెల్లం కన్నా నల్లబెల్లం తీసుకోండి. ఆ తళతళ చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం వేసి తెప్పించినది, మన బిళ్ళ రంగుకు దానితో పని లేదు.

నెయ్యి రాసిన పళ్ళెంలో రెండు సెంటీమీటర్ల మందాన పోసి, పల్చని గుడ్డ మాత్రమే కప్పి రాత్రంతా వదిలేయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి చుక్కలు పైన పడతాయి. బూజు మొదలయ్యేది ఆ చుక్కల దగ్గరే. మర్నాడు కోసి, నీడలో గాలికి అటూ ఇటూ తిప్పి ఆరబెట్టి, బటర్ పేపర్ చుట్టడమే.

కుదరకపోతే ముద్దే కారణం చెబుతుంది. కోసిన అంచుల నుంచి నీరు ఊరితే పులుపు మరీ ఎక్కువైంది. సాగితే పులుపు చాలలేదు, లేదా కాపు ఎక్కువై పెక్టిన్ విరిగింది. రబ్బరులా ఎగిరితే తీపి తక్కువ, పచ్చివాలు పండ్లు ఎక్కువ. నాలుగు రోజులకు పంచదార పలుకులు తగిలితే బెల్లం పాలు పెంచండి. ఏది మార్చినా ఒక విడతకు ఒక్కటే మార్చాలి. బెల్లం పెంచి, నిమ్మరసం కలిపి, కాపు తగ్గించి, బాగా వచ్చిందని సంబరపడితే ఆ మూడింటిలో మేలు చేసింది ఏదో మీకు ఎప్పటికీ తెలియదు. అందుకే కిలో గుజ్జుకు మించి వండొద్దు. పెద్ద గిన్నె తెచ్చుకునే రోజు తర్వాత వస్తుంది, వచ్చినరోజు మళ్ళీ తూకాలన్నీ సరిచూసుకోవాలి. ఎందుకంటే పెద్ద గిన్నెలో నీరు ఇగరడానికి ఎక్కువసేపు పడుతుంది, కాపు మారిపోతుంది.

రుచి అడగడం

మన ఇళ్ళలో పెట్టింది బాగాలేదని ముఖాన చెప్పడం మర్యాద కాదు. కాబట్టి చుట్టాల మెచ్చుకోలు మీద పెట్టుబడి పెట్టకండి. "బాగుందా?" అని అడిగితే "అద్భుతం వదినా" అనే వస్తుంది. పళ్ళెం అక్కడే వదిలి పక్కగదిలోకి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి ఎన్ని ముక్కలు తగ్గాయో అదే నిజమైన జవాబు.

రెండు రకాలు చేశారనుకోండి, ఒకటి పావు బెల్లంతో, ఒకటి సగం బెల్లంతో. తేడా జనానికి తెలుస్తోందా? మూడు ముక్కలివ్వండి. రెండు ఒకే రకం, ఒకటి వేరు. వేరే ముక్క ఏదో చెప్పమనండి. ఊరికే ఊహించి చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెబుతారు. పదిహేనుమందిలో ఐదారుగురే గుర్తుపడితే ఆ తేడా మీ నాలుక మీద మాత్రమే ఉందన్నమాట, చవకగా పడే రకం ఎంచుకోండి. పన్నెండుమంది గుర్తుపడితే ఏది ఇష్టమో అప్పుడు అడగండి. చిన్నప్పుడు వెలగపండు తిన్నవాళ్ళనూ, ఎప్పుడూ తిననివాళ్ళనూ కలిపేయకుండా విడివిడిగా అడగాలి. మొదటివాళ్ళు జ్ఞాపకాన్ని రుచి చూస్తారు. మీ సరుకు బతకాల్సింది రెండోవాళ్ళ మీద.

యాలకుల పొడి వేయాలనిపిస్తుంది, వేయకండి. తీపి అనగానే చేయి దాని మీదికి పోవడం మన అలవాటు. వెలగ వాసనను అది కప్పేస్తుంది, కళ్ళు మూసుకు తింటే ఏ పండో తెలియని మిఠాయి తయారవుతుంది. చిటికెడు ఉప్పు, మిరియం, శొంఠి మాత్రం దీనికి నప్పుతాయి. గట్టి పెరుగు పక్కన పెట్టి చూడండి. స్పెయిన్‌వాళ్ళు జున్నుతో చేసే పని మనకు పెరుగుతో అవుతుంది.

ధర కట్టేముందు పండ్ల బరువుకు గుజ్జు ఎంత వచ్చిందో ప్రతి విడతకూ రాసుకోండి. పెంకు, గింజలు పోగా మిగిలేది తక్కువే, ఆ నిష్పత్తి చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. జల్లెడ పట్టడానికి పట్టిన గంటలకు కూలీ కట్టాలి, చేసింది మీరే అయినా. పండు దొరికేది కొన్ని నెలలే కాబట్టి గుజ్జు తీసి, మరిగించి, చల్లార్చి డీప్ ఫ్రీజరులో పెట్టుకుంటే ఏడాది పొడుగునా వండుకోవచ్చు. చెట్లు గింజతో పెంచితే కాపుకు రావడానికి పదిహేనేళ్ళు పడుతుంది, అందుకని తోట వేద్దామన్న ఆలోచన ఇప్పుడు పక్కన పెట్టి ఉన్న చెట్లెవరివో కనుక్కోండి. చెట్టు యజమానికి ముందే డబ్బిచ్చి, కర్రతో రాలగొట్టకుండా దించమని మాట తీసుకోండి. పగిలిన పండు మనకు దండగ.

అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ చిన్నవాళ్ళకూ తప్పదు. లేబుల్ మీద ఆ నంబరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పదార్థాల పేర్లు, నికర బరువు, తయారీ తేదీ, శాకాహారపు పచ్చచుక్క ఉండాలి. వెలగ జీర్ణానికి మంచిదని పెద్దలు చెబుతారు, అది మీరు బిళ్ళ పొట్లం మీద రాయకండి. అందులో చాలా భాగం చక్కెర. జబ్బు నయమవుతుందన్న అర్థం వచ్చే ఏ మాటా తినే సరుకు మీద చట్టం ఒప్పుకోదు. సాంకేతిక సాయం కావాలంటే 1950 నుంచీ మైసూరులో పనిచేస్తున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ చిన్న శిక్షణ కోర్సులు నడుపుతుంది. కేవలం ఒక ప్రాజెక్టు రిపోర్టు కోసం దళారీకి డబ్బు పోసేకన్నా ఆ కోర్సుకు పెట్టడం నయం.

ఇక ఎన్నాళ్ళు నిలవ ఉంటుందన్న ప్రశ్న. పక్కవాడి పొట్లం చూసి ఆరు నెలలని వేసేయకండి. ప్రతి విడత నుంచీ నాలుగు బిళ్ళలు, అమ్మేటప్పుడు చుట్టే కాగితంలోనే చుట్టి, తేదీ రాసి, వంటింటి అలమారలో ఒక డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, కొనేవాళ్ళూ పెట్టరు. నెలకొకటి విప్పి చూసి, వాసన, తడి, రంగు రాసుకోండి. మే నెల ఎండ, జులై ముసురు రెండూ ఆ డబ్బా మీదుగా వెళ్ళాలి. ఎక్కడైనా తడి గానీ, తెల్ల మచ్చ గానీ తొలిసారి కనిపించిన నెలను గుర్తుపెట్టుకుని, అందులో సగమే లేబుల్ మీద వేయండి.